బాతులు నడిచిన కాలువ

బాన్ నాబువా,
మాఘ పున్నమి మర్నాడు

తెల్లకొంగ బీరు కంపెనీలో నీళ్ల సంగతి చూసే పెద్దలకు,

నమస్కారాలు. నా చేతిరాత చూసి ముందు నవ్వుకోండి, నవ్వడం అయ్యాక చదవండి. నేను నాలుగో తరగతి దాకానే చదివాను. మా ఊళ్లో ఐదో తరగతికి గది ఉంది గాని టీచరు లేరు. నా అక్షరాలు ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. తప్పులు కూడా ఉంటాయి. మన్నించండి.

కాలువలో మీరు పాతిన నీలం బోర్డు మీద ‘మా వల్ల ఏ ఇబ్బంది కలిగినా రాయండి, అది మా బాధ్యత’ అని ఉంది. దాని ఎదురుగా మా గేదెను కట్టేస్తాం గనుక రోజూ చదువుతుంటాను. ఇన్నాళ్లకు ధైర్యం వచ్చింది.

మీరు, మీ డైరెక్టరుగారు, వారి పిల్లలు అందరూ క్షేమమని తలుస్తాను. పందుల కోసం మీరు పంచిపెట్టే బీరు పిప్పి చాలా బాగుంటుంది. మా పంది పిప్పి తినేసి తొట్టిని కూడా నాకుతుంది.

మీరు సీసాలు కడిగిన నీటిని శుభ్రం చేసి వదిలే కాలువ మా ఇంటి వెనకే ఉంది. అందులో నేను తూటికూర పెంచుతాను. పొద్దున్నే నేను కోస్తే, మా ఆయన ఖామ్‌పేన్ మోపులు కట్టి థాఖేక్ బజారుకు తీసుకెళతాడు. మా పెళ్లయ్యాక వానాకాలం ఒక్కసారే వచ్చి వెళ్లింది. అత్తవారింట్లో ఉండే అల్లుడు గనుక, ఆ మోపులు లేని రోజు ఆయనకు ముద్ద గొంతు దిగదు.

ఈమధ్య మా ఇంట్లో ఎప్పుడూ మీ నీళ్ల మాటే. మీ బోర్డు స్తంభం మొదలు దాకా కనబడుతోంది. ఇదివరకు కనబడేది కాదు. చాలా గట్టిగా పాతారు. మా ఆయన నది అవతల, నఖోన్ ఫనోమ్‌లో ఉన్న వాళ్ల పెదనాన్న కొడుకు దగ్గరికి పనికి వెళ్లిపోతానని సంచి తీశాడు. ఇంతకంటే రాస్తే మర్యాదగా ఉండదు. మీరు చదువుకున్నవారు, గ్రహిస్తారు.

ఈ ఉత్తరం చదవగానే కాల్చేయండి. పెద్దవాళ్లను కష్టపెట్టానని తెలిస్తే మా నాన్న బాధపడతాడు.

మీ కాలువ పక్కన బతికే
లాత్‌సమీ

మరో మాట: గేటు దగ్గర కాపలా తాతకు మీకోసం ఒక కూర కట్ట ఇచ్చాను. ఆకులు చిన్నవి. ఎందుకు చిన్నవో మీకు నేను చెప్పాలా.

*

తెల్లకొంగ బీరు కంపెనీ,
పర్యావరణ, సామాజిక బాధ్యతల విభాగం,
థాఖేక్

శ్రీమతి లాత్‌సమీ గారికి,

తమరి ఫిర్యాదు అందింది. నీలం బోర్డు పెట్టి చాలాకాలమైనా ఎవరైనా ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. మా విభాగమంతా, అంటే నేనూ టైపు చేసే అమ్మాయీ, లేచి నిలబడి చదివాం.

మా నీటి మూలంగా మీవారికి అన్నం సయించకపోవడం, ఇల్లూ దేశమూ వదిలి నది దాటిపోవాలనిపించడం, మీ కూర ఎదగకపోవడం మమ్మల్ని ఎంతో కలవరపెట్టాయి. ఇంత కష్టంలోనూ మా బోర్డు స్తంభాన్ని మెచ్చుకున్నారు. దాన్ని దగ్గరుండి పాతించింది నేనే.

మీ కూరనూ, కాలువ నీటినీ పరీక్షకు పంపాం. దేనిలోనూ ఏ దోషమూ కనబడలేదు. అయినా ఇరుగుపొరుగుకు ఇబ్బందిగా ఉన్నప్పుడు పరీక్షల మాట చెప్పి తప్పుకోవడం బాధ్యత అనిపించుకోదు. కొన్ని నెలలుగా మేము కాలువలోకి వదిలే నీటిని తగ్గిస్తూ వస్తున్నాం. మీ కోసం మిగిలినదాన్ని ఈ వారం నుంచే సగం చేశాం. ఆ నీళ్లు ఇకమీదట మా ఆఫీసు ముందున్న పచ్చికకు పోతాయి.

ఉత్తరం కాల్చమన్నారు. క్షమించాలి. పొగ గాలిలో కలుస్తుంది గనుక మా ఆవరణలో కాగితం కాల్చడం నిషిద్ధం. భద్రంగా దాచాం.

మీ క్షేమం కోరే
సూలిచన్,
విభాగం అధికారి

మరో మాట: పరీక్షకు పంపిన కూర కట్టలో సగమే తిరిగి వచ్చింది. మిగతా సగం గురించి అడిగితే ప్రయోగశాలవారు మాట మారుస్తున్నారు. వాళ్ల గదిలో వెల్లుల్లి వాసన వస్తోంది.

*

బాన్ నాబువా

సూలిచన్ అన్నయ్యగారికి,

మీ ఉత్తరం కంపెనీ జీపులో వచ్చింది. జీపు ఎవరింటికి వెళుతుందోనని ఊరంతా వెనక నడిచి వచ్చింది. అది మా మెట్ల దగ్గర ఆగింది. నేను వంటింట్లో దాక్కున్నాను. ఊరి పెద్ద పైకి చదివి వినిపించాడు. ఇక మా నాన్నకు తెలియకుండా ఉండేదేమీ మిగలలేదు.

మీరు నా కోసం అంత శ్రమ తీసుకున్నారు. చాలా సంతోషం. ఇప్పుడు కాలువలో నీళ్లు చీలమండ దాకా ఉన్నాయి. మా చిన్న మేనకోడలు కూడా భయం లేకుండా దాటుతోంది. కప్పలు అరవడం మానేశాయి. ఇదివరకు కప్పల గోలకు నిద్ర పట్టేది కాదు, ఇప్పుడు ఆ గోల లేక నిద్ర పట్టడం లేదు.

మా అమ్మ పొయ్యి దగ్గర జిగురన్నం దించుతూ, “ఎందుకే ఈ తిప్పలు, నీళ్లు కావాలని ఒక్క ముక్క రాసి పడెయ్” అంది.

“నోరు మూసుకో. అంత పెద్దమనిషి దీని కోసమని నీళ్లు ఆపించాడు. ఇప్పుడు అది కాదు నాయనా అంటే ఆయన తలకాయ ఎక్కడ పెట్టుకుంటాడు?” అన్నాడు నాన్న.

కాబట్టి నేను ఆ ముక్క రాయడం లేదు. అమ్మ అన్న మాట మాత్రం రాశాను. అమ్మ మాటలు పట్టించుకోకండి. పట్టించుకున్నా ఏమీ అనుకోను.

మా ఆయన రోజూ సాయంత్రం నా ఎదురుగా కూర్చుని సంచి సర్దుతాడు. సర్ది మెట్ల దగ్గర పెడతాడు. పొద్దున మళ్లీ లోపల పెడతాడు. మంచి రోజు చూసుకుంటున్నాడేమో. వెళ్లాలనుకునే మనిషిని నేనేం అనగలను. చూడనట్టు కూర్చుని అల్లం దంచుతాను. మా ఇంట్లో ఇప్పుడు కావలసినదానికంటే అల్లం ఎక్కువ దంచి ఉంది.

పొగ గురించి చెప్పారు. అయితే పొగ రాకుండా కాల్చండి.

మీ మేలు మరిచిపోని
లాత్‌సమీ

మరో మాట: మా బాతులు కాలువలో నడుస్తున్నాయి. బాతులు అలా వరసగా నడవడం మీరెప్పుడైనా చూశారా. మేమూ చూడలేదు.

*

తెల్లకొంగ బీరు కంపెనీ,
థాఖేక్

చెల్లెమ్మ లాత్‌సమీకి,

నీ ఉత్తరాన్ని నెలవారీ సమావేశంలో నేనే నిలబడి చదివాను. ‘మీ మేలు మరిచిపోని’ అన్న చోట డైరెక్టరుగారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. కప్పల గోల తగ్గడాన్ని శబ్ద కాలుష్య నివారణ కింద రాసుకున్నాం. ఆ పద్దు కింద ఇంతవరకు మాకు చెప్పుకోవడానికి ఏమీ లేదు. పిల్లలు భయం లేకుండా కాలువ దాటడం, బాతులకు వ్యాయామం దొరకడం కూడా చేర్చాం. మీవారు తీరిగ్గా, మంచి రోజు చూసుకుని ప్రయాణం కట్టడం శుభం. మనసు కుదుటపడిందన్న మాట.

మీ అమ్మగారు సరదా మనిషిలా ఉన్నారు. నీళ్లు కావాలని రాయమన్నారా. సమావేశంలో అందరూ హాయిగా నవ్వారు.

ఇక అసలు సంగతి. నీళ్లు పోసి దీవించే కొత్త సంవత్సరం పండుగకు ముందురోజున మేము కాలువ తూమును పూర్తిగా మూసేస్తున్నాం. ఇకపై ఒక్క చుక్క కూడా మీ వైపు రాదు. ఒక్క చుక్క నీరూ బయటికి వదలని బీరు కంపెనీ అని మెచ్చుకునే పత్రం ఇవ్వడానికి పై దేశపు తనిఖీదారులు వస్తున్నారు. వాళ్లందరి ఎదుట తూము చక్రం తిప్పి మూసేది ఎవరనుకున్నావు. నువ్వే. ఈ మేలంతా నీ ఉత్తరంతో మొదలైంది గనుక డైరెక్టరుగారు పట్టుబట్టారు. మంచి బట్టలు కట్టుకో. ఫొటోలు తీస్తారు.

కాల్చే విషయం ఇక మరిచిపో. నీ మొదటి ఉత్తరాన్ని పెద్దదిగా అచ్చు వేయించి క్యాంటీన్ గోడకు తగిలించాం. నీ అక్షరాలు ఒక్కొక్కటీ జానెడు ఉన్నాయి.

నీ విజయంలో భాగం పంచుకునే
సూలిచన్ అన్నయ్య

మరో మాట: కాపలా తాత నిన్న నా గది దగ్గరికి వచ్చి, ఈమధ్య అన్నం ఒంటరిగా ఉంటోందని చెప్పి వెళ్లిపోయాడు. నువ్వు ఇంకో కూర కట్ట పంపితే బాగుండునని ఆయన ఉద్దేశం. మనవాళ్లు ఏదీ సూటిగా అడగరు కదా. మనమే కనిపెట్టాలి.

*

బాన్ నాబువా

అన్నయ్యగారికి,

మీ చివరి మాట రెండుసార్లు చదివాను. కాపలా తాత మనసులో మాట కనిపెట్టారు. తాత మీద నాకు ఏ కోపమూ లేదు గాని ఆయన అదృష్టం చూస్తే అసూయగా ఉంది.

మీరు మళ్లీ పంపిన జీపు వల్ల తూము మూసేది నేనేనని ఊరంతా తెలిసిపోయింది. ఈ కాలువ వెంట కూర పెంచేది మా ఇల్లొక్కటే కాదు. గుడి మలుపు దాకా అందరూ అదే పని. వాళ్లెవరూ నన్ను ఒక్క మాట అనలేదు. ఒక్కొక్కరూ నవ్వుతూ మెట్లెక్కి వచ్చి, నా జుట్టు బాగుందని, నేను అదృష్టవంతురాలినని చెప్పి, ఒక్కో కట్ట చిన్నాకుల తూటికూర నా ముందు పెట్టి వెళుతున్నారు. బౌన్‌ఫెంగ్ అవ్వ రెండుసార్లు వచ్చింది. మా ఇల్లంతా చిన్నాకులే. పందికి పెట్టాం. పంది కూడా నా వైపు అదోలా చూసింది.

అలా చిన్నాకుల మధ్య కూర్చున్నప్పుడు, మీకు నేను మొదటిసారి ఏం పంపానో అర్థమైంది. అది అందుకునేవారికి ఎలా ఉంటుందో కూడా తెలిసింది. నాకు వాళ్ల సంగతి తెలుసు గనుక గ్రహించాను. మీకెలా తెలుస్తుంది.

అందుకని సిగ్గు విడిచి రాస్తున్నాను. ఆగితే రాయలేను గనుక గబగబా రాస్తున్నాను, అక్షరాలు ఇంకా పాడుగా ఉంటాయి.

అన్నయ్యా, నాకు నీళ్లు కావాలి.

తగ్గించమని కాదు. మీ నీళ్లు మంచివి. మాకు ఎక్కువ కావాలి. నీళ్లు లేకపోతే కూర లేదు, కూర లేకపోతే మా ఆయన నది దాటి వెళ్లిపోతాడు. కొత్త సంవత్సరం అయిన మర్నాడు పడవ ఉందట. ఆయన పోతే నాకు ఏమీ బాగుండదు.

ఇది రాసినందుకు నన్ను క్షమించండి. ఈ ఉత్తరాన్నయినా కాల్చండి. క్యాంటీన్ గోడ మీద ఉన్నదాన్ని కూడా. అది ఊడిరాకపోతే గోడను.

తలెత్తలేని
లాత్‌సమీ

మరో మాట: కాపలా తాతకు ఒక కట్ట పంపాను. చిన్నాకులే ఉన్నాయి. ఆయన ఇంకేమీ అనుకోకుండా తినాలని చెప్పండి.

*

థాఖేక్
(ఇంటి నుంచి)

చెల్లెమ్మా,

ఇది కంపెనీ కాగితం కాదు, గమనించు. జీపులోనూ పంపడం లేదు. కాపలా తాత సైకిల్ మీద తెస్తాడు.

నీ ఉత్తరం చదివి రెండు కప్పుల కాఫీ తాగాను. తర్వాత నీ మొదటి ఉత్తరం తీసి చదివాను. స్తంభం మొదలు కనబడుతోందన్న మాట దగ్గర ఆగిపోయాను. దాన్ని నేను పొగడ్త అనుకున్నాను. ఆ మాట మా ఆవిడకు కూడా చెప్పుకున్నాను.

వెంటనే డైరెక్టరుగారి గదికి వెళ్లాను. ఆయన అచ్చయిన ఆహ్వానపత్రాలు చూసుకుని మురిసిపోతున్నారు. ఒక్క చుక్క కూడా వదలబోమని పై ఆఫీసుకు మాట ఇచ్చేశారట. అంత ఆనందంగా ఉన్న మనిషితో ఏమంటాను. ఎండలు ఎక్కువగా ఉన్నాయండీ అన్నాను. అవునన్నారు. వచ్చేశాను. మర్నాడు వారింటికి చిన్నాకుల కట్ట ఒకటి పంపించాను. లేత కూర దొరికిందని వారి శ్రీమతి ధన్యవాదాలు చెప్పి పంపారు.

నాకు ఉద్యోగం ఉంది, చదువుకునే పిల్లలిద్దరున్నారు. ఇంతకు మించి సూటిగా వెళ్లలేను. ఊరికే కబుర్లు కొన్ని రాస్తాను.

మా తూము చక్రం పాతది. దాని మీద బాణం గుర్తు ఉండేది, ఎండకు చెరిగిపోయింది. మళ్లీ వేయించాలని నేనే అనుకున్నాను గాని, ఈ పనుల్లో పడి మరిచిపోతానని నాకు గట్టి నమ్మకం. ఏ వైపు తిప్పితే మూసుకుంటుందో, ఏ వైపు తిప్పితే తెరుచుకుంటుందో కొత్తవాళ్లకు తెలియడం కష్టం. నువ్వు పెద్దగా చదువుకోలేదని క్యాంటీన్ గోడ చూసిన ప్రతివాళ్లకూ తెలుసు. ఆడపిల్లవు, సిగ్గరివి, అంతమందిలో కంగారుపడినా ఎవరూ తప్పుపట్టరు. తూము వెనకున్న నీళ్ల ట్యాంకు ఆరోజు నిండుగా ఉంటుందట. ముందు వరసలో మంచి కుర్చీలు వేయిస్తున్నాను.

నాకు ఆరోజు జ్వరం వచ్చేలా ఉంది. నేను రాకపోవచ్చు.

ఇట్లు
ఏమీ రాయని
అన్నయ్య

మరో మాట: ఇది చదివి కాల్చేయి. పొగ సంగతి నేను చూసుకుంటాను.

*

బాన్ నాబువా,
కొత్త సంవత్సరం వెళ్లిన తర్వాత

సూలిచన్ అన్నయ్యగారికి,

మీకు జ్వరం తగ్గిందని కాపలా తాత చెప్పాడు. సభ అయిపోయిన గంటకే తగ్గిందట, చాలా సంతోషం. డైరెక్టరుగారు మీకు జరిగింది చెప్పే ఉంటారు. కాని ఆయన ఎంత తడిసిందీ ఆయనే చెప్పుకోరు గనుక నేను రాస్తున్నాను.

ఏ వైపు తిప్పాలో నాకు నిజంగానే తెలియదన్నయ్యా. మీ ఉత్తరం చదివాక అసలే తెలియకుండా పోయింది. ఒక వైపు తిప్పాను, చక్రం కదలలేదు. మా ఆయన వచ్చి పక్కన చెయ్యి వేశాడు. ఊరంతా చూస్తుండగా ఆయన చెయ్యి నా చేతి మీద పడేసరికి కంగారులో ఇంకో వైపు గట్టిగా తిప్పేశాను.

నీళ్లు ముందు వరస మంచి కుర్చీల దాకా వచ్చాయి. ఊరి పెద్ద కుర్చీతో సహా కొంచెం దూరం వెళ్లాడు. డైరెక్టరుగారి బూట్లు, ప్యాంటు, ఉపన్యాసం కాగితాలు అన్నీ తడిశాయి. ఆయన ముఖం ఎర్రగా అయింది. అప్పుడు బౌన్‌ఫెంగ్ అవ్వ లేచి, తన వెండి గిన్నెతో ఆ నీళ్లే ముంచి, ఆయన భుజం మీద మెల్లగా పోసి, కొత్త సంవత్సరంలో చల్లగా ఉండు నాయనా అని దీవించింది. పండుగకు ఒక్కరోజు ముందే పోసింది, అంతే. అవ్వ నీళ్లు పోస్తే కోప్పడే మనిషి మన దేశంలో ఉంటాడా. ఆయన రెండు చేతులూ జోడించి తల వంచారు. ఇంకేముంది, ఊరంతా గిన్నెలు తెచ్చింది.

పై దేశం నుంచి వచ్చిన పొడుగాటి తనిఖీ అమ్మగారు నెత్తి మీంచి నీళ్లు కారుతుండగా కాలువలోకి దిగి చూసింది. తర్వాత నా దగ్గరికి వచ్చి, దుబాసీ అబ్బాయి చేత అడిగించింది.

“ఈ నీళ్లు నీకు కావాలా, వద్దా?”

అంత సూటిగా నన్ను పుట్టినప్పటి నుంచి ఎవరూ అడగలేదు. చుట్టూ చూశాను. మా నాన్న నేల చూస్తున్నాడు. మా అమ్మ నన్నే చూస్తోంది.

“కావాలి,” అన్నాను.

వెనక నుంచి ఎవరో, మాకూ కావాలన్నారు. తర్వాత గుడి మలుపు దాకా అందరూ అన్నారు. తనిఖీ అమ్మగారు డైరెక్టరుగారి వైపు తిరిగి, మరి ఈ నీళ్లు ఇప్పుడు ఎక్కడికి పోతున్నాయని అడిగింది. ఆఫీసు ముందు గడ్డికి అన్నారాయన. ఆ గడ్డి ఎవరు తింటారని అడిగింది. చూడటానికి అన్నారాయన. ఆమె ఏదో రాసుకుంది. ఒక్క చుక్కా వదలకపోవడం కంటే, శుభ్రం చేసిన నీటితో ఒక ఊరిని బతకనివ్వడమే గొప్ప బాధ్యత అని, పత్రం దానికే ఇస్తానని చెప్పింది. డైరెక్టరుగారు తడిసిన కాగితాలు జేబులో పెట్టుకుని, మొదటి నుంచీ తన ఉద్దేశం అదేనని ఉపన్యాసం చెప్పారు. చాలా బాగా చెప్పారు. మేమందరం నమ్మినట్టే చప్పట్లు కొట్టాం.

ఇప్పుడు నీళ్లు మళ్లీ నడుము దాకా ఉన్నాయి. మీ స్తంభం మొదలు కనబడటం లేదు. ఇది పొగడ్తే.

ఇక మీకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. ఒక మాట సూటిగా అన్నాక రెండోది దానంతట అదే వస్తుందని నాకు తెలియదు. ఆరోజు ఇంటికి నడుస్తూ మా ఆయనతో, “వెళ్లకండి,” అన్నాను.

ఆయన దారి మధ్యలో ఆగిపోయాడు. “ఇన్నాళ్లూ ఒక్కసారైనా అనలేదేం?”

“వెళ్లాలనుకునే మనిషికి అడ్డుపడితే మర్యాదగా ఉంటుందా?”

“వెళ్లాలని ఎవరనుకున్నారు? నువ్వు ఆపుతావేమోనని రోజూ నీ ముందు కూర్చుని సర్దుతున్నాను. నువ్వు చూస్తే అల్లం దంచుతావు.”

నేను గబగబా ఇంటికి వచ్చి ఆయన పొద్దున లోపల పెట్టిన సంచి విప్పాను. అందులో దిండు ఉంది. ఒక్క దిండే. ఆయన బట్టలన్నీ పెట్టెలోనే, మడత నలగకుండా ఉన్నాయి. నేను ఇన్నాళ్లూ తలకింద ఏమీ లేకుండా పడుకుంటున్న మనిషిని చూసి, ప్రయాణం దిగులు అనుకున్నాను.

మీ ఉత్తరం కాల్చలేదు. పొగ గాలిలో కలుస్తుందని మీరే చెప్పారు. నా ఉత్తరం కూడా కాల్చకండి. కావాలంటే దీన్నీ గోడకు తగిలించండి. తప్పులు దిద్దకండి, అలాగే ఉండనివ్వండి.

మీ చెల్లెలు
లాత్‌సమీ

మరో మాట: బాతులన్నీ ఈదుతున్నాయి. పెద్దది మాత్రం ఇంకా గట్టు మీదే నడుస్తోంది, అలవాటు పడిపోయింది. మీకూ, కాపలా తాతకూ, ప్రయోగశాలవారికీ పెద్ద ఆకుల కట్టలు పంపాను. వాటిలో కనిపెట్టాల్సింది ఏమీ లేదు. ఉత్త కూరే, వండుకు తినండి.